ట్రైఫిల్ పొరలు ఎందుకు కలిసిపోతాయి? ఎలా నిలబెట్టాలి?

"వదినా, అన్నీ నువ్వు చెప్పినట్టే వేశాను. పొద్దున చూస్తే పొరా లేదు, గిరా లేదు. కలిపిన సాంబారన్నంలా ఉంది."

పోయిన డిసెంబరులో, బొడోదిన్ నాటి పొద్దున, మా పక్కింటావిడ గాజు గిన్నె రెండు చేతులా పట్టుకుని మా గుమ్మంలో నిలబడి అన్న మాటలివి. బొడోదిన్ అంటే ఇక్కడి బెంగాలీ మాటలో క్రిస్మస్. ఆ సాయంత్రం పాతికమంది రావాలి. గిన్నెలో ఎర్ర జెల్లీ, పచ్చ కస్టర్డ్ కలిసి ముద్దయ్యాయి. అడుగున కేకు మెత్తని పిండిలా తేలింది. రుచికి లోటు లేదు, కానీ ట్రైఫిల్ కాదు. ఆ రోజు ఆవిడ ఒక్కో మాట అడుగుతుంటే, తోచినంత చెప్పాను. తర్వాత మరో నలుగురు అవే ప్రశ్నలు అడిగారు. అందుకే ఈసారి డిసెంబరుకు ముందే వివరంగా రాస్తున్నాను.

మేముండేది షాలిమార్ దగ్గర, గంగకు, అంటే హుగ్లీ నదికి, హౌరా వైపు. ఒక పక్క 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన బొటానికల్ గార్డెన్. ఏరు దాటితే గార్డెన్ రీచ్, ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెద్దాఫీసు ఉన్న చోటు. ఇప్పుడది సౌత్ ఈస్టర్న్ రైల్వే. 1902లో తూర్పు తీరపు రైలు మార్గంలో ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చాక వాల్తేరు దాకా ఒకే రైల్వే అయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కీ, ఇటు హౌరాకీ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిపోయింది ఆ దారినే. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లలో తెలుగు ఇళ్లూ, ఆంగ్లో ఇండియన్ ఇళ్లూ పక్కపక్కనే ఉండేవి. వాళ్ల పండక్కి కేకు మన ఇంటికి వచ్చేది, మన పండక్కి అరిసెలు వాళ్లింటికి వెళ్లేవి. ట్రైఫిల్ మన నోటికి తెలిసింది ఆ ఇచ్చిపుచ్చుకోవడాల్లోనే.

అసలు ఇదేమిటి?

అడుగున రసంలో నానిన కేకు, దాని మీద పండ్లూ జెల్లీ, ఆపైన చిక్కటి కస్టర్డ్, అన్నిటికీ పైన గిలక్కొట్టిన మీగడ. గాజు గిన్నెలో పెట్టడం ఎందుకంటే పొరలు పక్కనుంచి కనబడాలి కాబట్టి. ఇంగ్లీషులో ట్రైఫిల్ అంటే అల్పమైన వస్తువు అని అర్థం. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండులో అచ్చయిన వంట పుస్తకంలో ఈ పేరుతో ఉన్నది నిజంగానే చిన్న వంటకం: చిక్కటి మీగడ, చక్కెర, అల్లం, గులాబీ పన్నీరు కలిపి వెచ్చబెట్టడం, అంతే. కేకూ లేదు, జెల్లీ లేదు. మిగతావి తర్వాతి రెండు వందల ఏళ్లలో ఒక్కొక్కటే వచ్చి చేరాయి. బిస్కెట్లను ద్రాక్షసారాలో నానబెట్టడం, పైన కస్టర్డ్ పోయడం, జెల్లీ పేర్చడం 18వ శతాబ్దం నాటి సంగతులు. 2022లో రెండో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి 70 ఏళ్లు నిండినప్పుడు దేశమంతటికీ ఒక తీపి వంటకం కోసం పోటీ పెడితే గెలిచింది కూడా ట్రైఫిలే. నిమ్మ రుచి స్విస్ రోల్‌తో చేసినది.

తెలుగువారికి ఇది పూర్తిగా పరాయిదేం కాదు. హైదరాబాదు విందుల్లో అప్రికాట్ డిలైట్ అని పెడతారు చూడండి, ఖుబానీ పండ్లను ఉడికించి, కేకు ముక్కల మీద పరిచి, కస్టర్డూ మీగడా వేసేది. అది ట్రైఫిలుకు సొంత చెల్లెలు. ఖుబానీ కా మీఠా తెలిసిన చేతికి ట్రైఫిల్ సగం వచ్చినట్టే.

కేకు ఎందుకు నిన్నటిదై ఉండాలి?

పక్కింటావిడ చేసిన మొదటి పొరపాటు ప్రేమ కొద్దీ చేసింది. పండగ కదా అని అప్పటికప్పుడు కేకు కాల్చి, వెచ్చగా ఉండగానే అడుగున పరిచింది. వేడి కేకులో పిండి ఇంకా మెత్తగా, బలహీనంగా ఉంటుంది. రసం తగలగానే నలిగి పిండైపోతుంది. రెండు రోజులు నిలవున్న కేకులో పిండి పదార్థం మళ్లీ గట్టిపడుతుంది, తేమ తగ్గుతుంది. అప్పుడు స్పాంజిలా రసం పీల్చుకుంటుంది, ఆకారం మాత్రం వదలదు. నిన్నటి ఇడ్లీ ఉప్మాకు పొడిపొడిగా రావడం, వేడి ఇడ్లీ ముద్దవడం మనకు తెలిసిందే. కారణం ఒకటే.

పన్నెండు మందికి మూడు లీటర్ల గిన్నెకైతే 400 గ్రాముల సాదా స్పాంజ్ కేకు చాలు. వేలెడు మందాన కోసి, ముక్కలు ఒకదానికొకటి ఆనుకునేలా పేర్చండి. మీద 150 మిల్లీలీటర్ల కమలా రసం చెంచాతో చల్లండి. గిన్నెలోకి ఒంపకండి, ఒంపితే ఒక్కచోటే గుంటలా నానుతుంది. ఇంగ్లాండులో ఇక్కడ షెర్రీ అనే ద్రాక్షసారా వేస్తారు, వాసనకీ, నిలవకీ. పదిమంది కలిసే మన సభలో పిల్లలుంటారు, పెద్దలుంటారు, పుచ్చుకోనివారుంటారు. కమలా రసంతో ఏ లోటూ రాదు. డిసెంబరులో కలకత్తా బజారుకు వచ్చే డార్జిలింగ్ కమలాలకు సాటి పండు ఇంకోటి లేదని నా నమ్మకం.

జెల్లీ ఎందుకు కరిగిపోయింది?

అసలు కథంతా ఇక్కడే ఉంది. ప్యాకెట్ జెల్లీల్లో చాలావాటికి ఆధారం జెలటిన్. అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన ప్రొటీను. చల్లబడితే వలలా అల్లుకుని నీటిని పట్టుకుంటుంది. ఆ వల 30 నుంచి 35 డిగ్రీల మధ్య విడిపోతుంది. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే హాయి అందుకే వస్తుంది, కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. లండన్ గదిలో జెల్లీ బల్ల మీద సాయంత్రమంతా నిలుస్తుంది. హుగ్లీ ఒడ్డున వేసవి మధ్యాహ్నం గదిలోనే 35 దాటుతుంది.

వెనకటి కలకత్తాలో ఇది ఎంత పెద్ద సమస్యో ఊహించుకోండి. చలికాలపు రాత్రుల్లో హుగ్లీ వైపు పలకల్లాంటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి, లోతులేని గుంటల్లో పెట్టి, సన్నటి మంచు పొర తీసేవారు. అది కొద్ది రోజులే దొరికేది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన టస్కనీ అనే ఓడ చెరువు మంచును గడ్డలుగా మోసుకుంటూ భూమధ్యరేఖను రెండుసార్లు దాటి ఇక్కడికి వచ్చింది. నాలుగు నెలల ప్రయాణంలో కరిగినంత కరిగి, సుమారు 100 టన్నులు మిగిలింది. ఆ తర్వాతే ఈ ఊళ్లో జెల్లీలూ, చల్లని తీపి వంటకాలూ ఏడాది పొడవునా బల్ల మీదకు రాగలిగాయి.

మనకు అంత దూరం పోనక్కరలేదు. చైనా గ్రాస్ ఉంది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ ఇదే, సేమ్యా పోగుల్లా కట్టలుగా దొరుకుతుంది. జెలటిన్‌కీ దీనికీ తేడా తెలుసుకుంటే సగం చిక్కులు తీరతాయి. జెలటిన్ ఫ్రిజ్‌లో గాని గట్టిపడదు, ఒంటి వేడికే కరుగుతుంది. చైనా గ్రాస్ 35, 40 డిగ్రీల దగ్గర గది వేడిలోనే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక దాదాపు 85 డిగ్రీలకు గాని కరగదు. వైశాఖంలో కూడా నిలుస్తుంది. శాకాహారులూ తినొచ్చు. నోట్లో జెలటినంత మెత్తగా కరగదు, కాస్త పలుకుగా ఉంటుంది, అది నిజం. అయినా అందరికీ ఒకే గిన్నె పెట్టేటప్పుడు నేను చైనా గ్రాసే వాడతాను.

పక్కింటావిడ ఇంకో మాట అడిగింది. "పోయినేడు పైనాపిల్ వేస్తే జెల్లీ ఫ్రిజ్‌లో రెండు రోజులున్నా గట్టిపడలేదు. ప్యాకెట్ పాడైందా?" ప్యాకెట్ బాగానే ఉంది. పచ్చి పైనాపిల్‌లో ప్రొటీనును తుంచేసే ఎంజైము ఉంటుంది. బొప్పాయిలోనూ అలాంటిదే ఉంటుంది, అందుకేగా మాంసం మెత్తబడటానికి బొప్పాయి ముక్క వేస్తాం. జెలటిన్ ప్రొటీను కాబట్టి ఆ వల అల్లుకునే లోపే తెగిపోతుంది. పండు ముక్కల్ని అయిదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. డబ్బా పైనాపిల్‌తో ఇబ్బంది రాకపోవడానికి కారణం ఇదే, దాన్ని ముందే వేడి చేసి ఉంటారు. చైనా గ్రాస్ ప్రొటీను కాదు, కాబట్టి దానికి ఏ పండైనా ఒకటే.

ఎలా చేయాలంటే: 5 గ్రాముల చైనా గ్రాస్‌ను కత్తెరతో చిన్నగా కత్తిరించి అరగంట చల్లటి నీళ్లలో నాననివ్వండి. నీరు పిండేసి, 400 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, ఒక్క పోగు కూడా కనబడనంతవరకు మరిగించండి. సందేహముంటే చెంచాతో తీసి వెలుగుకెత్తి చూడండి. నాలుగు చెంచాల చక్కెర కలిపి వడకట్టండి. పొయ్యి మీంచి దించాకే 150 మిల్లీలీటర్ల పండ్ల రసం కలపండి, పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ బలం తగ్గుతుంది. ఆ రసం ఫ్రిజ్‌లోంచి తీసినది కాకూడదు. చల్లటి రసం తగిలిన చోటల్లా దారాలు దారాలుగా గడ్డకట్టుకుపోతుంది.

ఇప్పుడు తొందర పడకూడదు, మరీ ఆలస్యమూ చేయకూడదు. మరుగుతున్న జెల్లీ కేకు మీద పోస్తే కేకు కరిగిపోతుంది. పూర్తిగా చల్లారే దాకా ఆగితే గిన్నెలోనే గడ్డవుతుంది. గిన్నె అడుగు అరచేతిలో పెట్టుకుంటే వేడిగా ఉన్నా పట్టుకోగలిగినప్పుడు పోయాలి. కేకు మీద ముందు పండ్లు పరవండి: కమలా తొనలు, ద్రాక్ష, ఆపిల్, దానిమ్మ, మొత్తం అర కిలో. గరిటెను బోర్లించి పట్టుకుని, దాని వీపు మీద జెల్లీ సన్నగా పోయండి. అప్పుడు ధార కేకును తవ్వదు.

కస్టర్డ్ ఎందుకు పల్చబడింది?

కస్టర్డ్ పౌడర్ వెనక ఒక భార్యాభర్తల కథ ఉంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి దీన్ని తయారుచేశాడు. అప్పటిదాకా కస్టర్డ్ అంటే గుడ్డు సొనలూ పాలూ. ఆయన భార్యకు గుడ్డు పడదు. ఆవిడ కూడా కస్టర్డ్ తినాలని కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడేలా చేశాడు. ఒకసారి విందుకొచ్చిన అతిథులకు పొరపాటున అదే వడ్డిస్తే వాళ్లూ మెచ్చుకున్నారని చెబుతారు. ఒక్క మనిషి పంక్తిలో వెనకబడకూడదని చేసిన పొడి ఈ రోజు మన ప్రతి కిరాణా కొట్లో ఉంది. నాకు ట్రైఫిల్‌లో ఇష్టమైన పొర ఇదే.

పొడిని చల్లటి పాలల్లోనే ఎందుకు కలపాలి? రాగి జావకు పిండి చన్నీళ్లలో ఎందుకు కలుపుతామో అందుకే. వేడి పాలల్లో పొడి వేస్తే ప్రతి ఉండకీ పైపొర వెంటనే ఉడికి జిగురవుతుంది. లోపలి పొడికి తడి అందదు. ఎంత కలిపినా ఆ ఉండ విడదు. లీటరు పాలలో 150 మిల్లీలీటర్లు చల్లగా పక్కన పెట్టి, 60 గ్రాముల పొడి అందులో నలుసు లేకుండా కలపండి. మిగతా పాలు 120 గ్రాముల చక్కెరతో మరగనిచ్చి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పుతూ కలపండి. చిక్కబడగానే దించేయడం చాలామంది చేసే పని. అప్పటికి పిండి రేణువులు ఉబ్బుతాయేగాని పూర్తిగా ఉడకవు. బుడగలు ఠప్ ఠప్‌మని లేస్తుండగా మరో రెండు నిమిషాలు అడుగంటకుండా తిప్పండి. పచ్చివాసన పోతుంది, చిక్కదనం నిలబడుతుంది.

ఆవిడ కస్టర్డ్ రాత్రి చిక్కగానే ఉందట, పొద్దునకు నీళ్లయింది. నేను అడిగాను, "రుచి చూశావా?" "చూశాను." "అదే గరిటెతోనా?" ఆవిడ మాట్లాడలేదు. మన లాలాజలంలో పిండిని విడగొట్టే ఎంజైము ఉంది. నోట్లో పెట్టిన గరిటె మళ్లీ గోరువెచ్చటి కస్టర్డ్‌లో పెడితే, అది రాత్రంతా నింపాదిగా పని చేసి చిక్కటిదాన్ని పల్చన చేస్తుంది. ఎంగిలి గరిటె గిన్నెలో పెట్టొద్దని మన పెద్దవాళ్లు వంటింట్లో కొట్టినట్టు చెప్పేవారు. కస్టర్డ్ విషయంలో ఆ మాటకు కళ్లముందే రుజువు దొరుకుతుంది. రుచికి వేరే చెంచాలో కొంచెం తీసుకోండి.

రెండో కారణం, గడ్డకట్టాక మళ్లీ గిలకొట్టడం. చల్లారిన కస్టర్డ్‌లో పిండి ఒక అల్లికలా నిలబడుతుంది. దాన్ని కవ్వంతో చితకకొడితే అల్లిక తెగి నీరు వదులుతుంది. కలపడమంతా వేడిగా ఉండగానే అయిపోవాలి.

చలికాలంలో ఇక్కడ నొలేన్ గుర్ వస్తుంది, అంటే మన ఈత చెట్టు కల్లు కాకుండా తీసిన తియ్యటి నీరు కాచిన బెల్లం. దాని పొగ వాసన కస్టర్డ్‌కు చాలా బాగుంటుంది. చక్కెర సగానికి తగ్గించి, కస్టర్డ్ గోరువెచ్చబడ్డాకే 80 గ్రాముల పాకం కలపండి. మరిగే పాలల్లో బెల్లం వేస్తే విరుగుతాయని పరమాన్నం వండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇదీ అంతే.

పొర మీద పొర ఎప్పుడు?

ఇదే ట్రైఫిల్‌లో చేతి పని. జెల్లీ మీద వేలు పెట్టి చూడండి. వేలు దిగితే ఇంకా ఆగాలి. వేలు దిగకుండా కాస్త అంటుకుంటే కస్టర్డ్ పోసే సమయం. పూర్తిగా గట్టిపడి నున్నగా జారుతుంటే ఆలస్యమైనట్టే. అప్పుడు పోసిన కస్టర్డ్ పట్టుకోదు, వడ్డించేటప్పుడు పలకలా ఊడివస్తుంది. కస్టర్డ్ కూడా గోరువెచ్చగానే ఉండాలి. పొయ్యి మీదనుంచి దించిన కస్టర్డ్ 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, చైనా గ్రాస్‌ను కూడా కరిగించేస్తుంది. జెలటిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కింటావిడ గిన్నెలో జరిగింది సరిగ్గా ఇదే. రాత్రి పదకొండయింది, నిద్ర వస్తోంది, వేడి కస్టర్డ్ పోసేసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. చల్లారుస్తున్నప్పుడు కస్టర్డ్ మీద తొరక కట్టకుండా మధ్యమధ్య కలుపుతుండండి.

మీగడ ఎందుకు నిలబడలేదు?

మామూలు ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 25 శాతం. గిలక్కొడితే నురగ వస్తుంది, కుప్ప నిలవదు. 30 శాతం దాటిన విప్పింగ్ క్రీమ్ కావాలి. గాలి బుడగల చుట్టూ కొవ్వు కణాలు గోడ కట్టినట్టు చేరితేనే మీగడ నిలుస్తుంది. ఆ కొవ్వు చల్లగా, గట్టిగా ఉండాలి. గిన్నె, కవ్వం అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. గిలక్కొట్టడం ఎప్పుడు ఆపాలో చూసుకోండి, ఒక నిమిషం ఎక్కువైతే వెన్న తేలుతుంది. చల్ల చిలికినవాళ్లకు అది వేరే చెప్పనక్కరలేదు. విప్పింగ్ క్రీమ్ దొరకకపోతే, గుడ్డలో కట్టి నీరు వడకట్టిన గట్టి పెరుగులో చక్కెర కలిపి పైపొరగా వేయండి. ఆ పులుపు తీపికి తగిన జోడీ.

సభకు ఎలా తీసుకెళ్లాలి?

కేకు, జెల్లీ, కస్టర్డ్ ముందు రోజు సాయంత్రమే ముగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఉంటే రసం కేకులోకి దిగి రుచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మీగడ మాత్రం ఇంట్లో వేయకండి. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ఇక్కడి షిబ్‌పూర్ గతుకుల్లో పోతే గోపురంలా పేర్చిన మీగడ పక్కకు ఒరుగుతుంది. వేరే డబ్బాలో చల్లగా తీసుకెళ్లి, తినే ముందు వేయండి. అరటి ముక్కలు, వేయించిన జీడిపప్పు కూడా అప్పుడే. అరటి ముందే వేస్తే నల్లబడుతుంది, జీడిపప్పు మెత్తబడుతుంది.

పాలతో చేసినది కాబట్టి బయట రెండు గంటలకు మించి ఉంచకండి. 32 డిగ్రీలు దాటిన రోజున ఒక్క గంట. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ముగించేయండి.

ఆ రోజు పక్కింటావిడ గిన్నె పారబోయలేదు. ఆ ముద్దను చిన్న గ్లాసుల్లో నింపి, పైన మీగడా దానిమ్మ గింజలూ వేసి పెట్టాం. ఒక్క గ్లాసు మిగల్లేదు. ఈసారి తనే పొరలు వేస్తానంది.

చివరిగా ఒక మాట. పదిమందికి పెట్టే గిన్నె పక్కన చిన్న చీటీ రాసి పెట్టండి: గుడ్డు ఉందా లేదా, జెల్లీ జెలటినా చైనా గ్రాసా, పప్పులు ఏమేం వేశారు. కేకు బజారులో కొన్నదైతే దానిలో గుడ్డు ఉందేమో కొట్టువాణ్ని అడిగి తెలుసుకుని మరీ రాయండి. అడగడానికి మొహమాటపడి చెంచా కింద పెట్టేసేవారు ప్రతి పంక్తిలోనూ ఒకరుంటారు.